రెండు జాబితాలు కలపడానికి పావుగంట పడుతోంది, ఎవరైనా దారి చెప్పండి

మామిడి_మండీ_మేనల్లుడు | జూన్ 28, రాత్రి 9:12

నమస్కారం అందరికీ. తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా, సొంతూరు దామలచెరువు. మా మామకు అక్కడ మామిడి మండీ ఉంది. "నువ్వు కంప్యూటర్ చదివేది దేనికిరా, ఇది తేల్చు" అని నా నెత్తిన ఒక పని పెట్టాడు.

బండి రాగానే గేటు దగ్గర కుర్రాడు ఫోన్‌లో టోకెన్ రాస్తాడు. తేదీ, సమయం, టోకెన్ నంబరు, రైతు పేరు, ఊరు. లోపల కాటా దగ్గర ఇంకొకాయన కంప్యూటర్‌లో చీటీ కొడతాడు. తేదీ, సమయం, పేరు, ఊరు, బరువు. కాటా చీటీలో టోకెన్ నంబరుకు గడే లేదు. నాలుగు సీజన్లవి కలిపితే టోకెన్లు 41,876, కాటా చీటీలు 39,512. ఏ టోకెన్ ఏ చీటీది, ఏ టోకెన్‌కు చీటీ లేదు, ఏ చీటీకి టోకెన్ లేదు, ఈ మూడూ కావాలంట.

పైథాన్‌లో ఫర్ లోపల ఫర్ పెట్టాను. ఒక్కో చీటీ తీసుకుని టోకెన్ల జాబితా మొత్తం తిరగడం, తేదీ, పేరు, ఊరు మూడూ కలిస్తే రాసుకోవడం. నా పాత ల్యాప్‌టాప్‌లో పావుగంట దాటింది. ఫ్యాను మోత చూసి హాస్టల్ రూమ్మేట్ లేచి బయటికి పోయాడు. ఒక చిన్న మార్పు చేసినా మళ్ళీ పావుగంట. వేగంగా అయ్యే దారి ఏదైనా ఉందా?

కపిలతీర్థం_కోడర్ | రాత్రి 9:30

తమ్ముడూ, ముందు గుణించి చూడు. 41,876ను 39,512తో గుణిస్తే 165 కోట్ల 46 లక్షల పోలికలు. పావుగంటలో అయిందంటే నీ ల్యాప్‌టాప్‌కు దండం పెట్టుకోవాలి.

నువ్వు చేస్తున్నది ఏమిటంటే, ప్రతి చీటీకీ అలిపిరిలో మొదటి మెట్టు నుంచి ఎక్కడం మొదలుపెట్టి, దారిలో కనిపించిన ప్రతివాడినీ పేరు అడగడం. ఎవరు ఏ మెట్టు మీద కూర్చున్నారో ఒకసారి ఎక్కేటప్పుడే రాసుకుంటే, తర్వాత నేరుగా ఆ మెట్టు దగ్గరికే పోవచ్చు. అలా రాసుకునే పుస్తకమే హ్యాష్ మ్యాప్. పైథాన్‌లో దాన్ని డిక్ట్ అంటారు.

దేన్నిబట్టి వెతుకుతామో అది కీ, దాని పక్కన రాసుకునేది విలువ. టోకెన్ల జాబితా ఒక్కసారి తిరిగి డిక్ట్ నింపు. తర్వాత చీటీల జాబితా ఒక్కసారి తిరిగి, ఒక్కో చీటీకి డిక్ట్‌లో చూడు. మొత్తం 81,388 అడుగులు. గుణకారం పోయి కూడిక మిగిలింది, అంతే తేడా.

నగరి_మగ్గం | రాత్రి 9:41

దీనికి ప్రోగ్రామ్ ఎందుకు సామీ? ఎక్సెల్‌లో వీలుకప్ (ఒక పట్టికలోది ఇంకో పట్టికలో వెతికిపెట్టే ఫార్ములా) పెడితే టీ తాగొచ్చేలోగా అయిపోతుంది. మా పవర్‌లూమ్ లెక్కలన్నీ దాంట్లోనే.

కపిలతీర్థం_కోడర్ | రాత్రి 9:44

మీ లెక్కల్లో ఒక బిల్లు నంబరు ఒక్కసారే వస్తుంది కాబట్టి సరిపోతుంది. మామిడి సీజన్‌లో ఒకే రైతు ఒకే రోజు రెండు మూడు ట్రాక్టర్లు తోలుతాడు. వీలుకప్ మొదట దొరికిన వరుసనే ఇస్తుంది, రెండో బండికీ మొదటి టోకెనే చూపిస్తుంది.

నగరి_మగ్గం | రాత్రి 9:46

అది నిజమే. సరే, నేను చూస్తూ కూర్చుంటా.

మామిడి_మండీ_మేనల్లుడు | రాత్రి 10:20

అక్కా, చేశాను. తేదీ, పేరు, ఊరు మూడూ ఒక జాబితాలో పెట్టి దాన్నే కీగా ఇచ్చాను. "అన్‌హ్యాషబుల్ టైప్: లిస్ట్" అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. జాబితాతో దానికేం పగ?

రేణిగుంట_జంక్షన్ | రాత్రి 10:31

పగేం లేదు. జాబితాను తర్వాత మార్చొచ్చు కదా. కీని బట్టే అది ఎక్కడ దాచాలో నిర్ణయమవుతుంది. దాచాక కీ మారితే కొత్త చోట వెతుకుతాం, వస్తువేమో పాత చోట ఉంటుంది. అందుకే పైథాన్ మారే వాటిని కీగా ఒప్పుకోదు. చదరపు బ్రాకెట్లు తీసి గుండ్రటివి పెట్టు, టపుల్ అవుతుంది. టపుల్ మారదు. లోపల ఉన్నవి కూడా స్ట్రింగులే, అంటే మారని అక్షరాల వరుసలే కాబట్టి ఇబ్బంది లేదు.

ప్లేస్‌మెంట్_టెన్షన్ | రాత్రి 10:38

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. వచ్చే నెల క్యాంపస్ టెస్టు ఉంది, ఇదే తరహా ప్రశ్న వస్తుందని సీనియర్లు అంటున్నారు. "నేరుగా ఆ చోటికే పోతుంది" అని అందరూ చెప్తారు గానీ, ఎలా పోతుందో ఎవరూ చెప్పరు. దానికి ముందే ఎలా తెలుసు?

రేణిగుంట_జంక్షన్ | రాత్రి 10:57

మంచి ప్రశ్న. స్టేషన్‌లో మీ మామయ్యను ఎక్కించుకోవడానికి పోయారనుకోండి. టికెట్ మీద ఎస్4 అని ఉంటే ఇంజను దగ్గర నుంచి ఒక్కో బోగీలో తల దూర్చి వెతకరు కదా, నేరుగా ఎస్4 ఆగే చోట నిలబడతారు. లోపలికి ఎక్కాక మాత్రం ముఖం చూసి గుర్తుపట్టాలి.

హ్యాష్ మ్యాప్‌లోనూ రెండు పనులే. మొదటిది, కీని ఒక ఫంక్షన్‌లో వేస్తే పెద్ద నంబరు వస్తుంది. దాన్ని ఉన్న గదుల సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషమే బోగీ నంబరు. రెండోది, ఆ బోగీలో ఉన్నవాడు మనవాడేనా అని కీతో కీని సరిపోల్చడం. ఈ రెండో పని సంగతి చాలామంది మర్చిపోతారు. రెండు వేర్వేరు కీలకు ఒకే బోగీ రావచ్చు. దాన్నే కొలిజన్ అంటారు. అది తప్పు కాదు, మామూలుగా జరిగేదే.

కొలిజన్ వస్తే ఏం చెయ్యాలన్నది ఒక్కో భాషలో ఒక్కో రకం. జావా హ్యాష్‌మ్యాప్ ఒకే బోగీలో వరుసగా కూర్చోబెడుతుంది. పైథాన్ డిక్ట్ ఆ గది నిండి ఉంటే ఒక లెక్క ప్రకారం ఇంకో గదికి పోతుంది. జావాలో మొదట 16 బోగీలుంటాయి. ముప్పావు వంతు దాటితే, అంటే 13వ కీ రాగానే, 32 చేసి అందరినీ మళ్ళీ సర్దుతుంది. రద్దీ పెరిగితే బోగీలు తగిలించినట్టు. 2014లో వచ్చిన జావా 8 నుంచి ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పట్టిక కాస్త పెద్దదయ్యాక ఒకే బోగీలో 8 మందికి మించి పోగైతే ఆ వరుసను చెట్టుగా మార్చేస్తుంది, వెతకడం మరీ నెమ్మదించకుండా.

అందుకే టెస్టులో "ఎప్పుడూ ఒక్క అడుగే" అని రాయొద్దు. "సగటున ఒక్క అడుగు, ఎన్ కీలూ ఒకే బోగీలో ఎక్కితే ఎన్ అడుగులు" అని రాయండి.

ప్లేస్‌మెంట్_టెన్షన్ | రాత్రి 11:02

ఎస్4 ఉదాహరణ ఇక జన్మలో మర్చిపోను సార్.

రేణిగుంట_జంక్షన్ | రాత్రి 11:03

సార్ వద్దమ్మా, నేనూ రెండేళ్ళ కింద పాసైనవాడినే. అన్నా అంటే చాలు.

పాత_లెక్కలాయన | జూన్ 29, ఉదయం 6:15

తెల్లవారే లేచి అంతా చదివాను. నేను ముప్పై ఏళ్ళు లెక్కల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. మాకు కంప్యూటర్ లేని రోజుల్లో రెండు కట్టల చీటీలు కలపాలంటే, రెండింటినీ ముందు పేరు వరుసలో పేర్చేవాళ్ళం. తర్వాత ఎడమచేతి కింద ఒక కట్ట, కుడిచేతి కింద ఒక కట్ట. రెండు పైచీటీలూ ఒకటే అయితే జత చేసి పక్కన పెట్టడం, లేకపోతే ఏది ముందు వరుసదో దాన్ని తిప్పెయ్యడం. ఒక్క చీటీ కూడా రెండుసార్లు చూడనక్కరలేదు. దీనికి మీ హ్యాష్ ఎందుకు?

కపిలతీర్థం_కోడర్ | ఉదయం 8:40

అంకుల్, మీరు చెప్పిన పద్ధతిని ఇప్పుడు టూ పాయింటర్స్ అని పేరు పెట్టి ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారు. మీ ఎడమచెయ్యి ఒక పాయింటరు, కుడిచెయ్యి ఒక పాయింటరు.

నిజం చెప్పాలంటే ఈ పనికి అదీ బాగానే సరిపోతుంది. 41,876 వరుసలు పేర్చడానికి ఆరేడు లక్షల పోలికలు పడతాయి. రెండు జాబితాలకూ కలిపినా 165 కోట్ల ముందు అది లెక్కలోకి రాదు. జాబితాలు మెమరీలో పట్టనంత పెద్దవైతే నేను కూడా పేర్చడమే ఎంచుకుంటాను. ఇక్కడ హ్యాష్ వైపు మొగ్గడానికి కారణం వేగం కంటే వీలు. రేపు గేటు దగ్గర కొత్త టోకెన్ వస్తే డిక్ట్‌లో ఒక్కటి చేర్చుకుంటే చాలు, కట్ట మళ్ళీ పేర్చక్కరలేదు.

రేణిగుంట_జంక్షన్ | ఉదయం 8:52

హ్యాష్ కూడా నిన్నా మొన్నటిది కాదు అంకుల్. 1953లోనే ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ అనే ఇంజినీరు ఈ ఆలోచన కాగితం మీద పెట్టాడు.

పాత_లెక్కలాయన | ఉదయం 9:05

అయితే నాకంటే పెద్దదే. గౌరవం ఇస్తాను.

మామిడి_మండీ_మేనల్లుడు | ఉదయం 11:30

టపుల్ పెట్టాను. ఒక్క సెకను కూడా పట్టలేదు. నిజంగా నడిచిందా అని మూడుసార్లు చూసుకున్నా.

కానీ లెక్క తేడాగా ఉంది. టోకెన్లు 41,876 కదా, డిక్ట్‌లో కీలు అంతకంటే చాలా తక్కువ. అక్క చెప్పిన రెండు ట్రాక్టర్ల కథే అనుకుంటా. రెండో టోకెన్ వచ్చి మొదటిదాన్ని తుడిచేస్తోంది.

కపిలతీర్థం_కోడర్ | మధ్యాహ్నం 1:10

అవును, డిక్ట్‌లో ఒక కీకి ఒకే విలువ. రెండోసారి రాస్తే మొదటిది పోతుంది, హెచ్చరిక కూడా ఉండదు. విలువ దగ్గర ఒక టోకెన్ బదులు టోకెన్ల జాబితా పెట్టు. కోడ్ తెలుగులోనే రాస్తున్నా, నువ్వు పైథాన్‌లోకి మార్చుకో:

పట్టిక = ఖాళీ డిక్ట్
ప్రతి టోకెన్‌కు:
— కీ = (తేదీ, పేరు, ఊరు)
— కీ పట్టికలో లేకపోతే, పట్టిక[కీ] = ఖాళీ జాబితా
— పట్టిక[కీ] చివర టోకెన్ నంబరు చేర్చు

ప్రతి చీటీకి:
— కీ = (తేదీ, పేరు, ఊరు)
— పట్టికలో ఆ కీ ఉండి, దాని జాబితా ఖాళీగా లేకపోతే, అందులోంచి ఒక టోకెన్ తీసి ఈ చీటీకి జత చెయ్యి
— లేకపోతే చీటీని "మిగిలినవి"లో వెయ్యి

చివరికి పట్టికలో ఇంకా టోకెన్లు ఎక్కడ మిగిలాయో అవి చీటీ లేని టోకెన్లు. మీ మామ అడిగిన మూడు జవాబులూ ఒక్క దెబ్బతో వస్తాయి.

"డిఫాల్ట్‌డిక్ట్" వాడితే "లేకపోతే ఖాళీ జాబితా" అన్న ఆ వరుస కూడా రాయక్కరలేదు. కానీ వెతికేటప్పుడు జాగ్రత్త. దాంట్లో లేని కీని బ్రాకెట్లతో అడిగితే అడిగిన పాపానికి ఖాళీ జాబితా ఒకటి పుట్టించి పెడుతుంది.

ప్లేస్‌మెంట్_టెన్షన్ | మధ్యాహ్నం 1:25

అక్కా, టెస్టులో నంబర్లు మాత్రమే ఇస్తే? ఒక జాబితా 7, 3, 7, 12, 5. ఇంకోటి 7, 5, 5, 7, 7. రెండింట్లో ఉమ్మడిగా ఉన్నవి, ఎన్నిసార్లు ఉంటే అన్నిసార్లు రాయమంటే?

కపిలతీర్థం_కోడర్ | మధ్యాహ్నం 1:33

అప్పుడు జాబితా కూడా అక్కరలేదు, లెక్క చాలు. మొదటి జాబితా తిరిగి 7కు 2, 3కు 1, 12కు 1, 5కు 1 అని రాసుకో. ఇప్పుడు రెండోది తిరుగు. 7 వచ్చింది, లెక్క 2 ఉంది, తీసుకో, 1 చెయ్యి. 5 వచ్చింది, తీసుకో, 0 చెయ్యి. మళ్ళీ 5, లెక్క 0, వదిలెయ్. 7, తీసుకో, 0. చివరి 7, వదిలెయ్. జవాబు 7, 5, 7.

సెట్ వాడితే 7, 5 అని ఒక్కోసారే వస్తాయి. "ఎన్నిసార్లు" అన్న మాట ప్రశ్నలో ఉందో లేదో చదవకుండా సెట్ రాసేవాళ్ళే ఎక్కువ. ఇంకొకటి, "ఈ నంబరు ఉందా" అని డిక్ట్‌ను అడుగు, డిక్ట్ విలువల జాబితాను అడగకు. విలువల్లో వెతికితే మళ్ళీ అలిపిరి మొదటి మెట్టు నుంచే.

మామిడి_మండీ_మేనల్లుడు | సాయంత్రం 6:48

కొత్త కోడ్ నడిపాను. జతపడినవి 31,204. మిగిలిన చీటీలు 8,308. ఇది కుదరని పని అక్కా. ఎనిమిది వేల బండ్లు టోకెన్ లేకుండా లోపలికి పోయాయని చెప్తే గేటు దగ్గర కుర్రాడిని మామ చంపేస్తాడు.

పైగా మిగిలినవాటిలో కొన్ని కంటితో చూస్తే కలుస్తున్నాయి! టోకెన్‌లో గోపాల్‌రెడ్డి, చీటీలో గోపాల్‌రెడ్డి. ఒకే తేదీ, ఒకే ఊరు. వైకుంఠం అని ఇంకొకాయన, అక్షరం అక్షరం ఒకటే. కంప్యూటర్ మాత్రం వేరంటోంది. నాకు పిచ్చెక్కుతోంది.

కపిలతీర్థం_కోడర్ | రాత్రి 7:15

ఆ వైకుంఠం ఇద్దరికీ పొడవు ఎంతో అడిగి చూడు. లెన్ ఫంక్షన్.

మామిడి_మండీ_మేనల్లుడు | రాత్రి 7:22

ఒకటి 7, ఇంకోటి 8. ఇదేం మాయ?

కపిలతీర్థం_కోడర్ | రాత్రి 8:05

మాయ కాదు, యూనికోడ్. అంటే ప్రతి అక్షరానికీ, గుర్తుకూ ఒక కోడ్ నంబరు ఇచ్చే పద్ధతి. మన ఐత్వాన్ని కంప్యూటర్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, ఐత్వం మొత్తానికి ఒకే కోడ్. రెండోది, ఎత్వం ఒక కోడ్, దాని కింద వచ్చే ఐత్వపు గుర్తు ఇంకో కోడ్. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. హ్యాష్ ఫంక్షన్‌కు కళ్ళు లేవు, అది కోడ్లనే చూస్తుంది. ఎస్4 వాడు ఎస్9లో ఎక్కాడన్నమాట.

దీనికి మందు ఉంది. పైథాన్‌లో యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ వస్తుంది, దాంట్లో నార్మలైజ్ అనే ఫంక్షన్‌కు ఎన్‌ఎఫ్‌సీ అని చెప్తే రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది.

గోపాల్‌రెడ్డిది వేరే రోగం. "ల్" పక్కన "రె" వస్తే రెండూ కలిసి ఒత్తు పడిపోతుంది. అది పడకుండా మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతారు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అని దాని పేరు. కొన్ని కీబోర్డులు దాన్ని తామే పెట్టేస్తాయి, కొందరు ఖాళీ వదిలి "గోపాల్ రెడ్డి" అని కొడతారు, కొందరికి పొరపాటున అది రెండుసార్లు పడుతుంది. స్ట్రిప్ వాడినా పోదు, ఎందుకంటే స్ట్రిప్ అటూ ఇటూ ఉన్న ఖాళీలనే తీస్తుంది. ఇది ఖాళీ కింద లెక్క కాదు, పైగా పేరు మధ్యలో ఉంది. ఎన్‌ఎఫ్‌సీ కూడా దాన్ని ముట్టుకోదు. నువ్వే రీప్లేస్ పెట్టి తీసెయ్యాలి.

కాబట్టి "శుభ్రం" అని ఒక ఫంక్షన్ రాయి. ఎన్‌ఎఫ్‌సీ చెయ్యి, కనిపించని అక్షరాలు తీసెయ్యి, ఖాళీలు, చుక్కలు తీసెయ్యి. గోపాల్‌రెడ్డి కాస్తా ఒత్తు పడి గోపాల్రెడ్డి అవుతాడు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, ఉండనీ. అది కీకి మాత్రమే. మామకిచ్చే కాగితం మీద అసలు పేరే వెయ్యి. టోకెన్లకూ చీటీలకూ ఒకే ఫంక్షన్ వాడాలి, ఒకవైపే శుభ్రం చేస్తే చెయ్యనట్టే.

రేణిగుంట_జంక్షన్ | రాత్రి 8:19

చిత్రమేమిటంటే, పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. ఆ పేర్లకు ఈ నార్మలైజ్ పనిని పైథాన్ తనంతట తానే చేసుకుంటుంది. మన డేటాను మాత్రం ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది. తన ఇంటి ముందు ఊడ్చుకుని ఊరుకునే రకం.

పాత_లెక్కలాయన | రాత్రి 8:30

నా పద్ధతిలో పేర్చినా ఈ వైకుంఠాలు ఇద్దరూ వేరువేరు చోట్ల పడేవాళ్ళే కదా? అంటే తగువు హ్యాష్‌తో కాదన్నమాట.

కపిలతీర్థం_కోడర్ | రాత్రి 8:33

అంతే అంకుల్. మీ రోజుల్లో గుమాస్తా కళ్ళు చేసిన పనే ఇప్పుడు ఆ "శుభ్రం" ఫంక్షన్ చెయ్యాలి.

మామిడి_మండీ_మేనల్లుడు | జూన్ 30, ఉదయం 10:10

రాత్రి ఒకటింటి దాకా కూర్చున్నా. తేదీలు కూడా రెండు రకాలున్నాయి. కొన్ని రోజులు గేటు దగ్గర 14-6-23 అని ఉంటే, కాటా దగ్గర 14/06/2023 అని ఉంది. వాటినీ ఒక దారికి తెచ్చాక మిగిలినవి 8,308 నుంచి 822కు దిగాయి. మామకు ఫోన్ చేసి చెప్తే "మిగతా ఎనిమిది వందలో?" అన్నాడు. మెచ్చుకోలు మా వంశంలో లేదు.

ఒక తెలివితక్కువ పని కూడా చేశాను, నవ్వకండి. కీలు పొడవుగా ఉన్నాయి కదా అని, వాటి హ్యాష్ నంబర్లు మాత్రం ఫైల్‌లో దాచిపెట్టి పడుకున్నా. పొద్దున లేచి ఆ ఫైల్‌తో పోలిస్తే ఒక్కటీ కలవలేదు. ఒక్కటంటే ఒక్కటి.

రేణిగుంట_జంక్షన్ | ఉదయం 10:25

నవ్వం, నేనూ ఆఫీసులో చేసిన పనే. పైథాన్ స్ట్రింగులకు ఇచ్చే హ్యాష్ నంబరు ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ మారుతుంది. కావాలనే అలా పెట్టారు. నంబరు ముందే తెలిసిపోతే, ఎవడైనా కుట్రగా అన్నీ ఒకే బోగీలో ఎక్కే కీలను పంపించి సర్వర్‌ను కుదేలు చెయ్యొచ్చు. 2011లో ఈ దాడి సంగతి పెద్ద చర్చ అయింది. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఈ కలగాపులగం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. ఫైల్‌లో దాచుకోవాలంటే కీనే దాచుకో.

ప్లేస్‌మెంట్_టెన్షన్ | ఉదయం 10:40

మా సిలబస్‌లో ఇవేవీ లేవు. హ్యాషింగ్ చాప్టర్‌లో శేషం లెక్కలు నాలుగు చేయించి వదిలేశారు.

మామిడి_మండీ_మేనల్లుడు | మధ్యాహ్నం 3:50

ఇంకో తంటా. జతలు వరసగా చూస్తుంటే ఒక రైతుకు పొద్దున ఎనిమిదింటి కాటా చీటీ సాయంత్రం ఐదింటి టోకెన్‌తో జతపడింది. బండి రాకముందే తూకం ఎలా వేస్తారు?

కపిలతీర్థం_కోడర్ | సాయంత్రం 4:15

జాబితాలోంచి టోకెన్ తియ్యడానికి పాప్ వాడావు కదూ? బ్రాకెట్లో ఏమీ ఇవ్వకపోతే అది చివరిదాన్ని తీస్తుంది. బండ్లు లైన్లో ముందొచ్చింది ముందు పోతుంది, నీ కోడ్‌లో మాత్రం చివరొచ్చింది ముందు పోతోంది. మొత్తాలు సరిపోతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అదే దీనితో భయం. మొదటి నుంచి తీసేలా మార్చు. ఒక్కో కీకి రెండు మూడు టోకెన్లే కాబట్టి పాప్ సున్నా అన్నా చాలు. వేలల్లో ఉంటే రెండు చివర్ల నుంచీ చకచకా తియ్యగలిగే డెక్ వాడేవాళ్ళం. నింపేముందు టోకెన్లను నంబరు వరుసలో, చీటీలను సమయం వరుసలో పేర్చుకో.

పాత_లెక్కలాయన | సాయంత్రం 4:20

చూశారా, చివరికి పేర్చక తప్పలేదు.

కపిలతీర్థం_కోడర్ | సాయంత్రం 4:21

ఒప్పుకున్నాం అంకుల్.

నగరి_మగ్గం | సాయంత్రం 5:02

నాకు కోడ్ రాదు గానీ ఒక మాట. మిగిలిన 822లో సగం ఊరి పేర్ల గొడవే అయ్యుంటుంది, చూసుకో అబ్బాయ్. మనవైపు ఒకడు బంగారుపాలెం అంటాడు, ఒకడు బంగారుపాళ్యం అంటాడు. పల్లె అని ఒకడు రాస్తే పల్లి అని ఒకడు రాస్తాడు. దానికి మీ ఎన్‌ఎఫ్‌సీ ఏం చేస్తుంది?

కపిలతీర్థం_కోడర్ | సాయంత్రం 5:30

ఏమీ చెయ్యదు, మీరు పట్టుకున్నది అసలు పాయింటు. దానికి ఇంకో చిన్న డిక్ట్ కావాలి. ఎడమవైపు జనం రాసే రూపం, కుడివైపు మనం ఒప్పుకున్న రూపం. ఊరి పేరు శుభ్రం చేశాక ఆ డిక్ట్‌లో చూసి, ఉంటే కుడివైపుది తీసుకోవడం, లేకపోతే ఉన్నదే ఉంచడం. తమ్ముడూ, పల్లి అన్నచోటల్లా పల్లె పెట్టెయ్యాలని ఆశపడకు. నిజంగానే రెండు వేరే ఊళ్ళు ఒకటైపోయే ప్రమాదం ఉంది. మిగిలిన చీటీల్లోంచి ఊళ్ళ పేర్లు తీసి, మామ దగ్గర కూర్చుని ఒక్కోటి అడిగి రాసుకో. అది కోడ్ తేల్చే పని కాదు.

మామిడి_మండీ_మేనల్లుడు | జూలై 2, రాత్రి 8:40

శనివారం పాకాల దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి ఇంటికి చేరా. మామ పక్కన కూర్చుని ఊళ్ళ పేర్లు రాసుకున్నా. నగరి అన్న చెప్పింది పూర్తిగా నిజం కాదు గానీ అబద్ధమూ కాదు, 91 చీటీలు ఊరి పేర్ల వల్లే తేలాయి. ఇంకా 731 ఉన్నాయి.

వాటి సంగతి మా అత్త తేల్చింది. కాఫీ ఇస్తూ తెర మీదకు చూసి, "ఇవన్నీ రాత్రి పన్నెండు దాటిన చీటీలే కదరా" అంది. నిజమే! సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు ట్రాక్టర్లు రాత్రంతా లైన్లో ఉంటాయి. గేటు దగ్గర పదకొండున్నరకు టోకెన్, కాటా మీదికి ఎక్కేసరికి పన్నెండుంబావు. తేదీ మారిపోయింది, కీ మారిపోయింది.

రేణిగుంట_జంక్షన్ | రాత్రి 8:52

మీ అత్తమ్మకు ఆఫర్ లెటర్ పంపాలి. రెండో విడతగా ఆ మిగిలిన చీటీలకు మాత్రం ముందురోజు తేదీతో కీ చేసి, మిగిలిపోయిన టోకెన్లలో వెతుకు. మొదటి విడతలోనే రెండు తేదీలూ చూస్తే నిన్న వెనక్కి పోయిన బండి టోకెన్‌ను ఇవాళ్టి బండి ఎత్తుకుపోతుంది.

మామిడి_మండీ_మేనల్లుడు | రాత్రి 9:35

చేశాను అన్నా. 731లో 725 జతపడ్డాయి. మొత్తం జతలు 39,506. మిగిలిన చీటీలు ఆరు. చీటీ లేని టోకెన్లు 2,370, అవి రేటు నచ్చకనో లైను చూసో వెనక్కి తిప్పుకుపోయినవని మామే చెప్పాడు. అన్నీ కలిపి రెండు సెకన్లు కూడా పట్టడం లేదు.

నగరి_మగ్గం | రాత్రి 9:37

ఆ ఆరూ ఏమయ్యాయి మరి? ఇన్ని రోజులు చదివాం, చెప్పి తీరాలి.

మామిడి_మండీ_మేనల్లుడు | రాత్రి 9:58

రెండింట్లో టోకెన్ మొగుడి పేరు మీద, చీటీ పెళ్ళాం పేరు మీద ఉన్నాయి. మామ చూసిన వెంటనే గుర్తుపట్టాడు.

మిగతా నాలుగు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అవి మీ అత్త పుట్టింటి బండ్లురా, లైన్లో నిలబెట్టకుండా నేనే లోపలికి వదిలినా. ఆ నాలుగూ కాగితం మీద రాకుండా చెయ్యి" అన్నాడు. అత్త వంటింట్లోంచి వింటూనే ఉంది.